అతిథి గొంతులు, ఇంటి మనుషులు

న్యూ ఆర్డర్ బ్యాండు ‘మ్యూజిక్ కంప్లీట్’ ఆల్బమ్ మాట ఎప్పుడు ఎత్తినా ఎవరో ఒకరు ఒకే వాక్యం అంటారు. "పాపం, సరుకు అయిపోయింది, అందుకే గెస్టుల్ని పిలిచారు." ఇంగ్లీషు రివ్యూల్లో దీన్ని మర్యాదగా చదివాను, హైదరాబాద్‌లో మిత్రుల నోట తెలుగులో ఘాటుగా విన్నాను. నిజం చెప్పాలంటే ఒకప్పుడు నేనూ అన్నాను. ఇప్పుడు ఆ వాక్యం మీదే నా తగువు. అందులో ఒక ఆల్బమ్ గురించిన తీర్పు కంటే పెద్ద పొరపాటు ఉంది. ఒక పాటని వినేటప్పుడు మన చెవి ఎవర్ని లెక్కలోకి తీసుకుంటుంది, ఎవర్ని వదిలేస్తుంది అన్నది అక్కడ బయటపడుతుంది.

ముందు అవతలివాళ్ల వాదన పూర్తిగా విందాం. అది మరీ తీసిపారేసేది కూడా కాదు.

‘మ్యూజిక్ కంప్లీట్’ 2015 సెప్టెంబరులో మ్యూట్ రికార్డ్స్ నుంచి వచ్చింది. పదకొండు పాటలు, గంట దాటిన నిడివి. అంతకుముందు పూర్తిగా కొత్త పాటలతో వాళ్ల ఆల్బమ్ వచ్చింది 2005లో. మధ్యలో వచ్చిన ‘లాస్ట్ సైరెన్స్’ పాత సెషన్లలో మిగిలిన పాటలే. పదేళ్ల ఖాళీ. ఆ ఖాళీలో బేస్ గిటారిస్టు పీటర్ హుక్ వెళ్లిపోయాడు, మామూలుగా కాదు, నానా మాటలూ అనుకుని మరీ. అతను లేకుండా చేసిన మొదటి ఆల్బమ్ ఇది. అందులో ముగ్గురు బయటి గాయకులు. లా రూ గా మనకి తెలిసిన ఎలీ జాక్సన్ మూడు పాటల్లో, ఇగ్గీ పాప్ ఒక పాటలో, కిల్లర్స్ బ్యాండు బ్రాండన్ ఫ్లవర్స్ చివరి పాటలో. పోనీ ఇదే మొదటిసారా అంటే అదీ కాదు. 2001 ‘గెట్ రెడీ’లో బిల్లీ కోర్గన్, బాబీ గిలెస్పీ ఉన్నారు. 2005 ‘వెయిటింగ్ ఫర్ ద సైరెన్స్ కాల్’లో అనా మాట్రానిక్ ఉంది. వరసగా చూస్తే, ఇంట్లో పొయ్యి సరిగ్గా వెలగనివాడు మెల్లమెల్లగా హోటల్ క్యారేజీకి అలవాటు పడ్డట్టే ఉంటుంది. బ్యాండు అంటే నలుగురు మనుషులు, ఒక గది, ఒక గొంతు. ఆ గొంతు చాలక బయటి పేర్లు అతికించుకున్నారంటే అది సైన్‌బోర్డు కోసమే. ఇదీ వాదన.

దీనికి నా మొదటి జవాబు చాలా చిన్నది. న్యూ ఆర్డర్‌కి ఆ "ఒక గొంతు" ఎప్పుడుంది?

జాయ్ డివిజన్‌కి ఉంది. ఆ గొంతు పేరు ఇయన్ కర్టిస్. 1980 మే 18న, అమెరికా టూరుకి బయల్దేరాల్సిన ముందు రోజు, ఇరవై మూడేళ్ల వయసులో అతను చనిపోయాడు. మిగిలిన ముగ్గురూ, అంటే బెర్నార్డ్ సమ్నర్, పీటర్ హుక్, స్టీఫెన్ మోరిస్, పేరు మార్చుకుని మళ్లీ మొదలుపెట్టారు. గాయకుడు లేడు. బయటివాళ్లని తీసుకోలేదు. తలా ఒకసారి మైకు దగ్గరికి వెళ్లి చూశారు. 1981లో వచ్చిన ‘మూవ్‌మెంట్’ వినండి, అందులో రెండు పాటలు హుక్ పాడాడు, మిగతావి సమ్నర్. ఇద్దరూ చనిపోయిన స్నేహితుడి చొక్కా వేసుకుని తిరుగుతున్నట్టే ఉంటుంది, చేతులు పొడవు, భుజాలు వదులు. చివరికి పాట సమ్నర్‌కి మిగిలింది. అతను గిటారు వాయిస్తూ పాడటానికి ఇబ్బంది పడ్డాడు కాబట్టి నాలుగో మనిషి కావాల్సి వచ్చింది. మోరిస్ స్నేహితురాలు గిలియన్ గిల్బర్ట్ అలా వచ్చింది. (ఈ పేరు గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాను.)

అంటే న్యూ ఆర్డర్ పుట్టిందే గాయకుడు లేని ఇంట్లో. సమ్నర్ తన సొంత బ్యాండులో మొదటి అతిథి. అతని గొంతు పల్చటిది, శ్రుతి అంచు మీద నడుస్తుంది, ఎత్తుకి వెళ్తే కాస్త వణుకుతుంది. పక్కింటాయన స్నానం చేస్తూ పాడుకుంటున్నట్టు ఉంటుందని నా మిత్రుడొకడు ఎగతాళి చేస్తాడు. నిజమే. ఆ పక్కింటి గొంతే అంత కచ్చితమైన డ్రమ్ మెషీన్ల మధ్య నిలబడి తడబడటం వల్ల ఆ పాటలకి ప్రాణం వచ్చింది. పెద్ద గాయకుడెవరైనా పాడి ఉంటే ‘బ్లూ మండే’ ఇంత ఒంటరిగా ఉండేది కాదు. బ్రిటన్‌లో ఈ బ్యాండుకి నంబర్ వన్ వచ్చింది ఒకే ఒక్క సింగిల్‌కి, 1990 ప్రపంచకప్ పాట ‘వరల్డ్ ఇన్ మోషన్’. అందులో ర్యాప్ చేసింది ఎవరో తెలుసా? ఇంగ్లండ్ ఫుట్‌బాల్ ఆటగాడు జాన్ బార్న్స్. అతిథుల్ని పిలవడం పతనమైతే, వాళ్ల పతనం వాళ్ల శిఖరం మీదే మొదలైందనుకోవాలి.

అసలు సింథ్‌పాప్ అనే ఇంట్లో అతిథి ఎవరు, ఇంటివాడు ఎవరు అన్న ప్రశ్నే కొంచెం వింతది. రాక్ సంగీతం ఒక నమ్మకం మీద నడిచింది, పాడేవాడే రాసినవాడు, రాసినవాడే ఆ బాధ పడ్డవాడు అని. సింథ్‌పాప్ ఆ నమ్మకాన్ని మొదటి రోజే పక్కన పెట్టేసింది. మ్యూట్ రికార్డ్స్ పెట్టిన డానియెల్ మిల్లర్ సంగతే చూడండి. 1980లో ‘సిలికాన్ టీన్స్’ పేరుతో ఒక ఆల్బమ్ తెచ్చాడు. నలుగురు సభ్యుల పేర్లు ప్రకటించాడు. ఆ నలుగురూ లేరు, అంతా తనే. పత్రికలవాళ్ల ముందు గాయకుడిగా నటించడానికి ఫ్రాంక్ టోవీని కూర్చోబెట్టాడు. అదే లేబుల్‌లో విన్స్ క్లార్క్, డిపెష్ మోడ్ వదిలి, యాజూ వదిలి, 1983లో ‘ద అసెంబ్లీ’ అని మొదలుపెట్టాడు. పాటకో గాయకుడు అన్నది దాని ఆలోచన. ఫియర్గల్ షార్కీ పాడిన ‘నెవర్ నెవర్’ ఒక్కటే బయటికొచ్చింది, అది పెద్ద హిట్టయ్యింది, ఆలోచన అక్కడితో ఆగిపోయింది. పూర్తి ఆల్బమ్ వచ్చి ఉంటే బావుండేదని నాకు ఇప్పటికీ ఉంది.

ఇంకా ముందు, 1982లో, హ్యూమన్ లీగ్ నుంచి విడిపోయిన మార్టిన్ వేర్, ఇయన్ క్రెయిగ్ మార్ష్ ‘మ్యూజిక్ ఆఫ్ క్వాలిటీ అండ్ డిస్టింక్షన్’ అని ఒక ఆల్బమ్ చేశారు. పాత పాటలకి కొత్త యంత్రాలు, ఒక్కో పాటకి ఒక్కో గొంతు. సాండీ షా, బిల్లీ మెకెంజీ, అందరికంటే ముఖ్యంగా టీనా టర్నర్. అప్పటికి ఆమె పని అయిపోయిందని లోకం అనుకుంటున్న రోజులు. ఆ ఒక్క పాట వల్లే మరుసటి ఏడాది వేర్ ఆమెకి ‘లెట్స్ స్టే టుగెదర్’ రికార్డు చేశాడు, ఆమె రెండో జీవితం అక్కడ మొదలైంది. అతిథిగా పిలిస్తే ఇంటికి మేలు జరుగుతుందా, వచ్చినవాళ్లకి జరుగుతుందా? రెండూ జరగొచ్చు. "సరుకు అయిపోయింది" అనే వాక్యంలో ఈ రెండో సంగతికి చోటే లేదు.

సరే, ఇక ఆల్బమ్‌లోకి వెళ్దాం. ముగ్గురు అతిథుల్నీ నేను ఒకే గాటన కట్టను. కడితే నా వాదన కూడా అవతలివాళ్ల వాదనంత బద్ధకంగా తయారవుతుంది.

బ్రాండన్ ఫ్లవర్స్ సంగతి త్వరగా తేల్చేస్తాను. ‘సూపర్‌హీటెడ్’ ఆల్బమ్‌లో ఆఖరి పాట, దాని ప్రొడక్షన్‌లో స్టువర్ట్ ప్రైస్ చెయ్యి పడింది. కిల్లర్స్ అనే పేరే న్యూ ఆర్డర్ ‘క్రిస్టల్’ వీడియోలోని ఉత్తుత్తి బ్యాండు డ్రమ్ము మీద నుంచి తీసుకున్నది. కాబట్టి ఇది మేనల్లుడు మేనమామ ఇంటికి వచ్చినట్టు. అక్కడే గొడవ. వచ్చిన మేనల్లుడు ఇల్లంతా తనదే అన్నట్టు పాడాడు. పాట మొత్తం కిల్లర్స్ పాటలా ఉంటుంది. అటు సమ్నర్ వణుకూ లేదు, ఇటు ఫ్లవర్స్ తన సొంత ఆల్బమ్‌లో చూపించే తెగింపూ లేదు. అవతలివాళ్లు తమ వాదన మొత్తం ఈ ఒక్క పాట మీద నిలబెట్టి ఉంటే నేను నోరు మూసుకునేవాణ్ణి.

ఇగ్గీ పాప్ సంగతి అంత సులువుగా తేలదు. ‘స్ట్రే డాగ్’లో అతను పాడడు, మాట్లాడతాడు. సమ్నర్ రాసిన మాటల్ని ఆ గరుకు గొంతుతో, రాత్రి రెండింటికి బారులో మిగిలిపోయిన చివరి మనిషిలా చెబుతాడు. పాటగా తీసుకుంటే నాకు అంత ఇష్టం లేదు. మాటలు కొంచెం బరువు చూపించాలని చూస్తాయి, సంగీతం వెనకాల సినిమా నేపథ్యంలా తిరుగుతూ ఉంటుంది. కానీ ఆ గొంతు అక్కడికి ఎలా వచ్చిందో ఒకసారి ఆలోచించండి. ఇయన్ కర్టిస్ చివరి రాత్రి విన్న రికార్డు ఇగ్గీ పాప్ ‘ది ఇడియట్’ అని జాయ్ డివిజన్ చరిత్ర తెలిసినవాళ్లందరికీ తెలుసు. 2014 మార్చిలో న్యూయార్క్ కార్నెగీ హాల్లో, టిబెట్ హౌస్ సహాయార్థ కచేరీలో, సమ్నర్, ఇగ్గీ కలిసి జాయ్ డివిజన్ పాటలు పాడారు. మరుసటి ఏడాది ఈ ఆల్బమ్‌లో ఆ గొంతు. ముప్పై అయిదేళ్ల కిందట తన స్నేహితుడి గదిలో తిరుగుతూ ఉండిన రికార్డులోని మనిషిని పిలిచి, తను రాసిన మాటలు చేతికిచ్చి చదవమన్నాడు సమ్నర్. దీన్ని "మార్కెటింగ్" అనేవాళ్లకి చెప్పడానికి నా దగ్గర మాటల్లేవు. పాట బాగుందా లేదా అన్నది వేరే ప్రశ్న. నేను బాలేదనే అంటున్నాను. కానీ పిలవడంలో ఉన్న ఉద్దేశాన్ని తక్కువ చేసి మాట్లాడటం వినికిడి లోపమే కాదు, మనసు లోపం కూడా.

అన్నట్టు, పిలుపులు ఒకవైపే సాగలేదు. 1999లో కెమికల్ బ్రదర్స్ ‘అవుట్ ఆఫ్ కంట్రోల్’ పాడింది సమ్నర్. ఆ కెమికల్ బ్రదర్స్‌లో ఒకడైన టామ్ రోలండ్స్ ఇక్కడ ‘సింగ్యులారిటీ’, ‘అన్‌లెర్న్ దిస్ హేట్రెడ్’ పాటలకి పనిచేశాడు. ఇస్తినమ్మ వాయనం, పుచ్చుకుంటినమ్మ వాయనం. ఒకే రకం యంత్రాల మధ్య పనిచేసినవాళ్ల మధ్య ఇది లేకపోతేనే ఆశ్చర్యపోవాలి.

ఇక ఎలీ జాక్సన్. నా మొత్తం తగువు ఈమె దగ్గర చిక్కబడుతుంది.

‘ప్లాస్టిక్’, ‘టుట్టి ఫ్రుట్టి’, ‘పీపుల్ ఆన్ ద హై లైన్’. ఆల్బమ్‌లో వరసగా మూడు, నాలుగు, అయిదు. నా లెక్కలో ఆల్బమ్ వెన్నెముక ఇదే. ‘ప్లాస్టిక్’ కింద మోరోడర్ కాలం నాటి సీక్వెన్సర్ బేస్ పరిగెత్తుతూ ఉంటుంది, ‘టుట్టి ఫ్రుట్టి’ ఇటాలియన్ డిస్కో గుమ్మంలో నిలబడి కన్ను కొడుతుంది, ‘హై లైన్’లో ఫంక్ గిటారు, పియానో. ఈ మూడింట్లోనూ ఆమె ముందుకి వచ్చి నిలబడదు. సమ్నర్ గొంతు పల్చబడే చోట పక్కకి వచ్చి చేరుతుంది, అతను వదిలేసిన వాక్యం తోకని పట్టుకుంటుంది. ‘టుట్టి ఫ్రుట్టి’లో ఆమె అందుకునే భాగం ఒకసారి హెడ్‌ఫోన్స్‌లో వినండి. అరవై దగ్గరపడుతున్న మగగొంతు, ఇరవైల చివర ఉన్న ఆడగొంతు, రెండూ దాదాపు ఒకే ఎత్తులో, ఒకే రకం చలితో. ఆమెది మామూలుగా ఎంత పదును గొంతో 2009లో వచ్చిన లా రూ మొదటి ఆల్బమ్ విన్నవాళ్లకి తెలుసు, అద్దం మీద గీసినట్టు ఉంటుంది. ఆ పదునంతా ఇక్కడ ఒరలో పెట్టుకుంది. ఒరలో పెట్టుకోవడం చేతకాకపోవడం వల్ల కాదు కదా. ఇది చాలా కష్టమైన పని, గాయకుల్ని అడగండి చెబుతారు. పాటలో ఉండాలి, పాట తనది అనిపించకూడదు.

ఆల్బమ్ వచ్చినప్పుడు అతిథుల గురించి మాట్లాడిన చోట్ల ఎవరి పేరు ముందు వచ్చేది? నాకు గుర్తున్నంతలో ఇగ్గీ పాప్. ఒక పాటలో మాట్లాడినవాడు. తర్వాత ఫ్లవర్స్. మూడు పాటలు మోసిన మనిషి "బ్యాకింగ్ వోకల్స్". ఇది చదివినప్పుడల్లా నాకు మన పాత సినిమా పాటల క్యాసెట్టు అట్ట గుర్తొస్తుంది. పాట పేరు, పక్కన "బాలు, సుశీల, బృందం". ఆ "బృందం" అన్న రెండక్షరాల్లో ఎంతమంది ఆడవాళ్ల పేర్లు మునిగిపోయాయో ఎవరికి తెలుసు? వాళ్ల హమ్మింగ్ తీసేస్తే సగం పాటలు మనకి పాటల్లా వినబడవు. మనకి ఆ హమ్మింగ్ నోటికొచ్చు, పాడినవాళ్ల పేరు ఒక్కటీ రాదు.

మన సంగతి ఎలాగూ వచ్చింది కాబట్టి ఒక మాట. ఇంగ్లీషు బ్యాండ్లు వినే తెలుగు యువత, నాతో సహా, ఒక వింత భక్తిలో పడతాం. సినిమా పాట అబద్ధం, ఎవరో రాస్తారు, ఎవరో పాడతారు, ఇంకెవరో పెదాలు కదుపుతారు. బ్యాండు నిజం, వాళ్లే రాసి వాళ్లే పాడతారు. ఈ తూకంతో బాలు గొంతుని తక్కువ చేసి మాట్లాడిన రోజులు నాకూ ఉన్నాయి. అల్లు రామలింగయ్యకి పాడితే అల్లు గొంతై, అక్కినేనికి పాడితే అక్కినేని గొంతై ఒదిగిన మనిషిని "సొంత గొంతు లేనివాడు" అన్న అజ్ఞానం అది. పైపెచ్చు ఆ భక్తిని మనం కొనుక్కొచ్చిన చోట, మాంచెస్టర్‌లో, అసలు సంగతి ఇలా ఉంది: గాయకుడు పోయాక ఎవరో ఒకరు పాడాలి కాబట్టి పాడిన మనిషి, యంత్రాలకి పాట నేర్పిన ఇంకో మనిషి, మధ్యమధ్యలో వచ్చిపోయే గొంతులు. ప్రతి పాటకీ కొత్త అతిథి గొంతుని విని పెరిగిన మనం "గెస్టులెందుకు" అని మూతి ముడవడం, ఇంటి గుట్టు మర్చిపోయినట్టే.

ఇప్పుడు పీటర్ హుక్. అతని అభిమానులు ఈ వ్యాసం చదివితే "అసలు లేని మనిషి గురించి మాట్లాడకుండా వచ్చిన అతిథుల గురించి మాట్లాడతావేంటి" అంటారు. న్యాయమే. న్యూ ఆర్డర్ పాటల్లో రెండో గాయకుడు హుక్ బేస్ గిటారు. బేస్ అడుగున ఉండి ఇల్లు మొయ్యాలి అన్న నియమాన్ని తీసిపారేసి, పైతీగల మీద రాగం వాయించాడు. చాలా పాటల్లో మనం కూనిరాగం తీసేది సమ్నర్ పాడింది కాదు, హుక్ వాయించింది. ఆ గొంతు పోవడం నిజమైన నష్టం. ‘మ్యూజిక్ కంప్లీట్’లో టామ్ చాప్‌మన్ బాగానే వాయిస్తాడు, అక్కడక్కడ ఆ ఎత్తైన రాగాన్ని తలపించేలా కూడా. తలపించినప్పుడల్లా లేని మనిషి మరీ గుర్తొస్తాడు. ఇందులో వాదించడానికి ఏమీ లేదు. ఆ ఏడాది నవంబరులోనే రాయల్టీల మీద హుక్ కోర్టుకెళ్లాడు, 2017లో రాజీ కుదిరింది. డబ్బు లెక్కలు తేలాయి, మాటలు మాత్రం కలిసినట్టు లేదు. కానీ ఈ గొడవలో ఒక విడ్డూరం జరిగింది. వెళ్లిపోయిన మగవాడి గురించి, పిలిచి తెచ్చిన పేరున్న మగవాళ్ల గురించి ఇంత మాట్లాడుకుని, తిరిగొచ్చిన ఒక ఆడమనిషిని ఎవరూ సరిగ్గా వినలేదు.

గిలియన్ గిల్బర్ట్.

‘బ్లూ మండే’ (1983) ఎలా తయారైందో ఆమె ఒక ఇంటర్వ్యూలో చెప్పింది. పాట మొదటి నుంచి చివరి దాకా ప్రతి స్వరాన్నీ చేత్తో సీక్వెన్సర్‌లోకి ఎక్కించే పని ఆమెది. ఏ ఫోర్ కాగితాల మీద మొత్తం రాసుకుని, టేపుతో ఒకదానికొకటి అతికించి, స్టూడియో పొడవునా పరిచిందట, అల్లిక నమూనాలాగా. అందులో పొరపాటున ఒక స్వరం వదిలేసింది. దాంతో రాగం తాళం మీద నుంచి కొంచెం పక్కకి జరిగింది. ఇవాళ్టికీ ఆ పాట వినగానే ఎక్కడో ఏదో జారుతున్నట్టు అనిపించే ఆ చిన్న తేడా అదే. ప్రపంచంలో అత్యధికంగా అమ్ముడైన పన్నెండంగుళాల సింగిల్‌గా పేరుబడ్డ రికార్డులో, మనకి వినబడే "న్యూ ఆర్డర్‌తనం" ఒక అమ్మాయి అతికించిన కాగితాల మీద నుంచి వచ్చింది. సమ్నర్ ఆ సీక్వెన్సర్‌ని కిట్టు కొనుక్కొచ్చి చేత్తో కట్టాడన్న కథ ఎంతమంది చెప్పగా విన్నానో లెక్కలేదు, అది కూడా నిజమే, గొప్పదే. ఈ కాగితాల కథ చెప్పేవాళ్లు తక్కువ.

ఎనభైల చివర్లో సమ్నర్ జానీ మార్‌తో ‘ఎలక్ట్రానిక్’ పెట్టుకున్నాడు. దానికి నీల్ టెన్నంట్ అతిథిగా వచ్చి పాడాడు, అప్పుడు దాన్ని ఎవరూ సరుకు అయిపోవడం అనలేదు, సూపర్‌గ్రూప్ అన్నారు. హుక్ ‘రివెంజ్’ పెట్టుకున్నాడు. మిగిలిన ఇద్దరు, గిలియన్, స్టీఫెన్, తమకి తామే ‘ది అదర్ టూ’ అని పేరు పెట్టుకున్నారు. మిగతా ఇద్దరు. ఆ పేరులో నవ్వు ఎంతుందో నొప్పి అంతుందని నాకనిపిస్తుంది. 1993లో వచ్చిన వాళ్ల మొదటి ఆల్బమ్‌లో గిలియనే పాడింది. చక్కని గొంతు, సమ్నర్ గొంతుకి అక్కలాంటిది. న్యూ ఆర్డర్‌కి గొంతు తక్కువైతే ఇంట్లోనే ఒకటి ఉంది కదా, బిల్లీ కోర్గన్ దాకా వెళ్లడమెందుకు అన్న ప్రశ్న మాత్రం ఏ రివ్యూలోనూ నాకు కనబడలేదు. అతిథుల మీద వెయ్యగలిగిన అసలైన అభ్యంతరం ఇదీ. మన శుద్ధవాదులకి ఇది తట్టలేదు, వాళ్లకి హుక్ బేస్ మీదే ధ్యాస.

‘గెట్ రెడీ’ రోజుల్లో కూతురికి జబ్బు చేస్తే చూసుకోవడానికి గిలియన్ బ్యాండు నుంచి తప్పుకుంది. ఇద్దరూ తల్లిదండ్రులే. బ్యాండులో ఉన్న తండ్రి డ్రమ్ము దగ్గరే ఉన్నాడు, తల్లి ఇంటికి వెళ్లింది. నిందించడానికి చెప్పట్లేదు, ఎవరి ఇంటి సంగతి వాళ్లది. ఏది వదిలిపెట్టగల పనిగా కనబడింది అన్నది చూడండి అంటున్నానంతే. ఆమె స్థానంలో గిటారిస్టు ఫిల్ కన్నింగమ్ వచ్చాడు. ఆ తర్వాత వచ్చిన ఆల్బమ్‌లో గిటార్లు ముందుకొచ్చాయి, సింథసైజర్లు వెనక్కి తగ్గాయి. అప్పుడు "న్యూ ఆర్డర్ రాక్ బ్యాండు అయిపోయింది" అని రాశారు గానీ, కీబోర్డు దగ్గర ఉండే మనిషి ఇంట్లో లేదు అని రాసినవాళ్లు అరుదు. 2011లో ఆమె తిరిగొచ్చింది. 2015 ఆల్బమ్‌లో సీక్వెన్సర్లు తిరిగొచ్చాయి. మళ్లీ రాశారు: "హుక్ లేకపోయినా, అతిథుల సాయంతో, ఎలక్ట్రానిక్ మూలాలకి తిరుగు ప్రయాణం." మూలాలు వాటంతటవే నడుచుకుంటూ వచ్చాయి కాబోలు.

ఆమె ఒక్కతే ఆ ఆల్బమ్‌ని మార్చేసిందని నేననను. రోలండ్స్ ఉన్నాడు, మోరిస్ ఉన్నాడు, గిటారు వంకతో అప్పటిదాకా తప్పించుకున్న సమ్నర్ కూడా మళ్లీ డ్యాన్సు వైపు మొగ్గాడు. ఒక బ్యాండులో ఎవరు ఏం చేశారో బయట నుంచి వేళ్లు పెట్టి చూపించడం కుదరదు. పాటల రచన అందరి పేరునా వేసుకునే అలవాటున్న బ్యాండులో మరీ కుదరదు. నా అభ్యంతరం చిన్నది. కుదరదని తెలిసీ, హుక్ లేని లోటుని మాత్రం పాటపాటకీ వేలు పెట్టి చూపించారు. లేనివాడు వినబడినప్పుడు ఉన్న మనిషి ఎందుకు వినబడలేదు?

ఇప్పుడు స్ట్రీమింగ్ యాపుల్లో ఏ పాట చూసినా పేరు పక్కన "ఫీట్" అని ఇంకో పేరు. అతిథి పేరు అక్కడ ఎరలా పనిచేస్తుంది. ఇద్దరి శ్రోతలూ ఒకే పాట దగ్గరికొస్తారు, నంబర్లు పెరుగుతాయి. ఆ కిటుకు మీద మన శుద్ధవాదులకున్న చిరాకు నాకూ ఉంది. కానీ ఆ చిరాకుని 2015కి తీసుకెళ్లి ఈ ఆల్బమ్ మీద పొయ్యడం అన్యాయం. ఎలీ జాక్సన్ అక్కడ ఎర కాదు. ఎర అయ్యుంటే ఆమెను ముందుకి తోసేవాళ్లు. ఆమె పని చూస్తే గిలియన్ ఇన్నేళ్లుగా ఆ బ్యాండులో చేసిన పనిలాగే ఉంటుంది. లోపల ఉండటం, నిలబెట్టడం, పేరు అడక్కపోవడం. ఒకరు అతిథి, ఒకరు ఇంటి మనిషి. ఆ తేడా రాసిన పత్రికలకి ఇద్దర్నీ వదిలెయ్యడంలో మాత్రం ఏ తేడా రాలేదు.

మొన్న రాత్రి ‘ప్లాస్టిక్’ మళ్లీ పెట్టుకున్నాను. ఏడు నిమిషాల పాట. మొదట సమ్నర్ గొంతుని పక్కన పెట్టి, సీక్వెన్సర్‌ని మాత్రమే వినాలని పట్టుబట్టాను. రెండో నిమిషానికే ఓడిపోయాను, చెవి గొంతు వెనకే పోయింది. మళ్లీ మొదట్నుంచి పెట్టాను. మూడోసారికి గొంతు కాస్త వెనక్కి తగ్గి, కింద నుంచి ఆ బేస్ పరుగు, దాని మీద వచ్చి చేరే కీబోర్డు పొరలు, ఎక్కడో అంచున ఎలీ జాక్సన్, ఒక్కొక్కటే విడివిడిగా వినబడటం మొదలుపెట్టాయి. నాలుగోసారి పెట్టేలోపు పక్క గదిలోంచి మా అక్క వచ్చి అడిగింది, "ఎన్నిసార్లు వింటావురా అదే పాట, ఎవరు పాడారేంటి?"

సమ్నర్ పేరు చెప్పబోయి, ఆగాను.